గొంతు దాటని మాట

పోయిన వారం పాస్టరుగారిని పిల్లల ముందు నోరు తెరిచి నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. ఆ ఆదివారం అక్కడ లేనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఈ చర్చిలో ఒక పాత పద్ధతి ఉంది. మొదటిసారి ప్రభు బల్ల దగ్గరికి రొట్టె, రసం అందుకోవడానికి రాబోయే పిల్లలు వరసగా నిలబడతారు. పాస్టరుగారు విశ్వాస ప్రమాణాన్ని ఒక్కో ముక్కగా చెబుతారు, పిల్లలు ఆ ముక్కను తిరిగి చెబుతారు. మామూలు ఆదివారాల్లో సంఘమంతా కలిసి చెబుతుంది కాబట్టి, మధ్యలో ఒకరు నోరు మూసుకున్నా ఎవరికీ తెలియదు. అంతమంది గొంతుల్లో మూగవాడు కూడా గాయకుడే. పిల్లల ఆదివారం ఆ సౌకర్యం లేదు. పరిశుద్ధాత్మ మాట దాకా పాస్టరుగారు బాగానే వచ్చారు. ఆ తర్వాత రావలసింది ప్రభువు కన్య మరియమ్మకు పుట్టాడన్న మాట. అది రాలేదు. ఆయన నోరు తెరిచారు, మూశారు. చెప్పింది చెప్పినట్టు చేయడమే పిల్లల పని గనుక వాళ్లూ నోళ్లు తెరిచి మూశారు. చివరికి ముందు వరసలో ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్ల ఒకతి, "అయ్యగారూ, మరియమ్మని మరిచిపోయారు" అని చర్చి అంతా వినబడేలా అంది. ఎవరూ నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆర్గాన్ అక్క కూతురి సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ పిల్ల చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టేది, అందుకే అందరికీ బొత్తాల పిల్ల. పెళ్లి కాకుండా కడుపు తెచ్చుకుందని తేల్చి, సంఘం నుంచి తీసేశారు. ఎవడు వాడు అని ఎన్నిసార్లు అడిగినా ఆ పిల్ల నోటి నుంచి ఒక్కటే మాట వచ్చింది: నేను ఏ మగాణ్నీ ఎరగను. తర్వాత ఒక సంచీ పట్టుకుని ఊరు వదిలిపోయింది. తల్లి మాత్రం ఏ ఆదివారమూ మానకుండా వచ్చి ఆర్గాన్ వాయిస్తూనే ఉంది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. చర్చి వెనక గది. ఆ పిల్ల సంగతి తేల్చిన గది ఇదే.

గదిలో గాలి ఆడదు. ఒక గోడకు పాస్టరుగారి తెల్ల అంగీ వేలాడుతోంది, దాని కింద అట్టలు ఊడిన పాటల పుస్తకాల దొంతర. మూలన కుళాయి కారుతూ ఉంటుంది. కింద పెట్టిన బకెట్టు నిండితే పారబోయడం, నిండకపోతే మరిచిపోవడం, ఈ సంఘానికి తెలిసిన మరమ్మతు ఇదే. బల్లకు ఒకవైపు పెద్దలిద్దరూ, రెండోవైపు పాస్టరుగారూ. బల్ల మీద పాస్టరుగారి ఫోను. అది అప్పటికే రెండుసార్లు వణికి ఆగింది.

పెద్దల్లో పెద్ద తూకమయ్య. బజారులో త్రాసులు బాగుచేస్తాడు. ముల్లు ఎటు మొగ్గిందో చూసీ చూసీ కళ్లు సన్నబడ్డాయి, మనుషుల్ని కూడా అలాగే చూస్తాడు. "గ్రాము తప్పయినా తప్పే, బస్తా తప్పయినా తప్పే" అనేది ఆయన ఊతపదం. మంచివాడే. ఈ చర్చి పైకప్పు ఎగిరిపోయిన ఏడాది వాన నీళ్లలో నిలబడి రేకులు మోసింది ఆయనే. కాని రేకులు మోసిన భుజానికి, మోయవలసింది ఇంకేదైనా ఉంటుందని తోచదు.

రెండో ఆయన మందుల షాపు నడుపుతాడు, అందరికీ మందులాయన. డాక్టరు కాకపోయినా డాక్టరుకంటే ముందు ఆయన చెప్పాల్సిందే. బొత్తాల పిల్ల షాపుకు వచ్చినప్పుడు, కౌంటరు వెనక నుంచి ఒక్క చూపు చూసి, "అయిదో నెల, రాసిపెట్టుకోండి" అన్నది ఈయనే.

"అయ్యగారూ," అన్నాడు తూకమయ్య. "డొంకతిరుగుడు నాకు రాదు. ఉన్నదున్నట్టు అడుగుతున్నాను. ప్రభువు కన్యకు పుట్టాడని మీరు నమ్ముతున్నారా, లేదా?"

"నమ్ముతున్నాను, పెద్దయ్యా."

"మరి చెప్పడానికి నోరెందుకు రాలేదు?"

పాస్టరుగారు బల్ల వైపు చూశారు. ఫోను మళ్లీ వణికింది.

"ఆ రొద ఆపండి ముందు," అన్నాడు తూకమయ్య.

పాస్టరుగారు ఫోనును బోర్లా పెట్టారు. ఆపలేదు.

"అయ్యగారి తప్పు కాదులెండి," అన్నాడు మందులాయన, తెలిసినవాడిలా. "ఈ కాలం పుస్తకాలు అలాంటివి. అది కథ, ఇది ఉపమానం అని రాస్తారు. మరీ ఎక్కువ చదివితే ఒంటికి పడదు."

"ఇది ఒంటికి పడే సంగతి కాదయ్యా, ఆత్మకి పడే సంగతి." తూకమయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వినండి అయ్యగారూ. బావిలో పడ్డవాణ్ని బావిలో పడ్డవాడే పైకి లాగలేడు. ఎంత మంచివాడైనా సరే. తాడు పైనించి రావాలి. మన ప్రభువు కూడా మనలాగే ఒక మగాడికి పుట్టుంటే ఆయనా మనతోపాటు బావిలోనే. అప్పుడు సిలువ ఏంటి? ఇంకో మంచివాణ్ని చంపేశారు, అంతేగా. లోకంలో మంచివాళ్లని చంపడం కొత్తా? కన్య అన్న ఒక్క మాట తీసేయండి, తాడు తెగిపోద్ది. ఆ తర్వాత మీరు ఎన్ని ప్రసంగాలు చెప్పినా బావిలో అరిచినట్టే."

ఒకటి ఒప్పుకోవాలి. తూకమయ్య కఠినుడే గాని తెలివితక్కువవాడు కాదు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో నిజమైన భయం ఉంది. పైకి రావడానికి ఆయనకు ఇంకో తాడు లేదు మరి.

"ఒక్క అక్షరం కూడా కాదనను, పెద్దయ్యా," అన్నారు పాస్టరుగారు. "నేను చెప్పినా ఇంత బాగా చెప్పలేను."

ఆ జవాబుకు తూకమయ్యకు ఇంకా కోపం వచ్చింది. తలుపు వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు రా," అని కేకేశాడు.

ఆర్గాన్ అక్క లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఈ గదిలో ఆవిడ కిందటిసారి కూడా అక్కడే నిలబడింది. కూతురు బల్లకు అటువైపు, తల్లి గోడ దగ్గర. తీర్పు చదవడం అయ్యాక, "నీ మాటేంటమ్మా?" అని ఎవరో అడిగితే, "ఈ రోజు నుంచి నాకు కూతురు లేదు" అని ఆవిడ అన్నది కూడా అక్కడి నుంచే.

"నువ్వు చూసింది చెప్పు," అన్నాడు తూకమయ్య.

"నేను వాయించేటప్పుడు అయ్యగారి గొంతు చూస్తానండి," అంది ఆవిడ. "ఆయన ఊపిరి తీసుకోవడం చూసి నేను పెడలు తొక్కుతాను. అలవాటు. ఈ మధ్య ఆ ఒక్క ముక్క దగ్గర గొంతు కదలడం లేదు. సంఘం చెబుతుంది, ఆయన చెప్పరు. పిల్లల ఆదివారంతో మొదలైంది కాదు ఇది."

"విన్నావుగా," అన్నాడు తూకమయ్య, మందులాయనతో.

ఆవిడ అక్కడితో ఆగితే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆగలేదు. పాస్టరుగారి వైపు రెండడుగులు వేసింది.

"నేనొకటి అడుగుతాను అయ్యగారూ. నా కూతురు ఇక్కడ నిలబడి ఏమంది? మగాణ్ని ఎరగనంది. ఆ మాట లోకంలో ఒక్క మరియమ్మకే చెల్లుతుందని మీరందరూ అన్నారు. నేను సరేనన్నాను. దేవుడి మాట ముందు నా బిడ్డ ఎంత అనుకుని నా కడుపు నేనే కోసుకున్నాను. ఇప్పుడు మరియమ్మకి కూడా చెల్లదంటారా? అయితే నా కూతుర్ని నేనెందుకు పంపేశాను? చెప్పండి. దేనికోసం పంపేశాను?"

 పాస్టరుగారికి జవాబు తెలుసు. చెప్పడానికి వీల్లేదు.

పాఠకులకు మాత్రం చెప్పేస్తాను. తెలిసి కూర్చోవడం ఎంత కష్టమో ఆయనతోపాటు మీరూ కాస్త అనుభవించాలి.

కొన్ని వారాల కిందట సంఘంలోని ఒక ముసలాయన కోసం ప్రార్థన చేయడానికి పాస్టరుగారు నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్లారు. వార్డు చివర, కిటికీ పక్క మంచం మీద బొత్తాల పిల్ల కనిపించింది. చేతులూ మెడా పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం దుప్పటి కింద గుట్టలా ఉంది. ఈపాటికి పురుడు పోసుకుని ఉండాలి కదా అని ఆయన మనసులో లెక్క వేసుకున్నారు. నర్సు ఆ లెక్క కాస్తా చెరిపేసింది. అది కడుపు కాదు, గడ్డ. మొదటి నుంచీ గడ్డే. ముందే తీసుకొచ్చి ఉంటే చిన్న కోతతో పోయేది.

పాస్టరుగారు మంచం పక్క స్టూలు మీద కూలబడ్డారు. ఏడుపు ఆగలేదు. ఇప్పుడే మీ అమ్మను పిలుచుకొస్తానని లేచారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు అయ్యగారూ. మా అమ్మకి చెప్పొద్దు."

"పిచ్చిపిల్లా, తెలిస్తే పరిగెత్తుకొస్తుంది."

"వస్తుంది. డాక్టరు చెప్పాడని వస్తుంది. అప్పుడు అమ్మ డాక్టర్ని నమ్మినట్టు, నన్ను నమ్మినట్టు కాదు. మిషను చెబితే ఎవరైనా నమ్ముతారు అయ్యగారూ. నేను చెబితే నమ్మాలి. ఒక్కసారి, ఏమీ తెలియకుండా, 'నా కూతురు అబద్ధం ఆడదు' అని అమ్మ అంటే, అప్పుడు చెప్పండి. అనకపోతే నేను పోయాక చెప్పండి."

మాటివ్వమంది. చచ్చిపోయేవాళ్ల మొండితనం ముందు ఎవరి పెద్దరికమూ పనిచేయదు. పాస్టరుగారు మాటిచ్చారు. ఆసుపత్రివాళ్లు సొంతవాళ్లెవరని అడిగితే ఎవరూ లేరని రాయించిందట ఆ పిల్ల. ఆపరేషన్ ఆదివారం పొద్దున్న. చేసినా బతుకుతుందని ఎవరూ ధైర్యంగా చెప్పడం లేదు. ఎవరో ఒక సొంతమనిషి వచ్చి సంతకం పెట్టాలని, పాస్టరుగారు ఇచ్చి వచ్చిన నంబరుకు ఆసుపత్రి నుంచి ఫోను మీద ఫోను వస్తోంది. బల్ల మీద బోర్లాపడి వణుకుతున్నది అదే.

ఇప్పుడు ఆ తల్లి ఎదురుగా నిలబడి దేనికోసం పంపేశానని అడుగుతోంది. చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. చెబితే ఆ పిల్ల అడిగిన ఒక్కగానొక్క వస్తువు ఎప్పటికీ దొరకదు. చెప్పకపోతే తల్లి చేరేలోపు ప్రాణం పోవచ్చు. 

"అక్కా," అన్నారు ఆయన చివరికి. "నమ్మకం పోయి నోరు మూసుకోలేదు నేను. నమ్మకం ఉంది కాబట్టే మాట రావడం లేదు."

"అదేం మాట?" అన్నాడు మందులాయన.

"పెద్దయ్య చెప్పిందంతా నిజం. తాడు పైనించే వచ్చింది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ సంగతి మొదట ఎవరు చెప్పారు? సాక్షి ఎవరున్నారు? దూత వచ్చినప్పుడు పక్కింటివాళ్లు చూశారా? చూసింది ఒక్క పిల్ల. పెళ్లి కుదిరిన పిల్ల. ఆ పిల్ల వచ్చి, నాకు ఎవరూ తెలీదు, అయినా ఇలా ఉన్నాను అంది. అంతే. ఇంకే రుజువూ లేదు. చేసుకోబోయేవాడే మొదట నమ్మలేదు, గుట్టుగా వదిలేద్దామనుకున్నాడు. మంచివాడు కాబట్టి గుట్టుగా. పెద్దయ్యా, మన విశ్వాసమంతా ఒక ఆడపిల్ల మాట మీద నిలబడి ఉంది. ఆ వీధిలో ఒక్కరు కూడా నమ్మని మాట మీద. ప్రతి ఆదివారం లేచి నిలబడి మనం చెప్పేదేంటి? ఆ పిల్ల అబద్ధం ఆడలేదు అని చెబుతున్నాం. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఈ గది గుర్తొస్తోంది. నేనేం చెయ్యను?"

కుళాయి చుక్క బకెట్టులో పడింది. తూకమయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ! ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు? ప్రభువు తల్లినీ ఆ..." ఆర్గాన్ అక్క ఎదురుగా ఉందని గుర్తొచ్చి ఆ మాట మింగాడు. "ఆ పిల్లనీ ఒకే త్రాసులో పెడతారా?"

"లేదు పెద్దయ్యా. పెట్టను. మరియమ్మ దగ్గరికి దూత వచ్చాడు. ఆమె నిజం చెబుతోందని యోసేపుకి చెప్పడానికి కలలో కూడా వచ్చాడు. ఈ పిల్ల కోసం ఎవరి కలలోకీ ఎవరూ రాలేదు. ఉన్నదల్లా మనమే. మనం ఏం చేశాం? 'ఇంకో మరియమ్మ బయలుదేరింది' అన్నారు మీరు. అందరూ నవ్వారు."

"మాట వరసకి అన్నాను."

"నేనూ నవ్వాను," అన్నారు పాస్టరుగారు. "గట్టిగా కాదు. పెద్దయ్య జోకు వేశారు, నవ్వకపోతే బాగుండదని కొంచెం నవ్వాను. ఆ పిల్ల నా వైపు చూసింది. రోజూ ఆ నవ్వే నా గొంతులో అడ్డం పడుతోంది. దాన్ని దాటి మరియమ్మ పేరు రావడం లేదు."

మందులాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. ఫోను మళ్లీ వణికింది, బల్ల అంచు దాకా జరిగి ఆగింది.

"పెద్దయ్యా, నన్ను తీసెయ్యండి, పంపించెయ్యండి, నాకేం లేదు," అన్నారు పాస్టరుగారు, గొంతు తగ్గించి. "అక్కా, నిన్ను ఒక్కటి మాత్రం అడుగుతాను. కమిటీ అడిగింది, సంఘం అడిగింది. తల్లిగా నువ్వు అడిగావా? కొట్టకుండా, తిట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని, 'నిజమేనా తల్లీ' అని ఒక్కసారి అడిగావా?"

 ఆర్గాన్ అక్క తల వంచుకుని నేలను చూసింది. ఆవిడ పాదాలు చెప్పుల్లో మెల్లగా పైకీ కిందికీ ఆడుతున్నాయి, ఆర్గాన్ ముందు కూర్చున్నట్టే.

"అది చిన్నప్పుడు," అని మొదలుపెట్టింది, ఎవరితో అంటున్నదో తెలియకుండా. "గిన్నె పగిలితే దాచేది కాదు. ముక్కలు చేతిలో పట్టుకుని నేను పనిచేసే చోటికి పరిగెత్తుకొచ్చేది. 'అమ్మా, నేనే పగలగొట్టాను, కొట్టు' అనేది. ఇంటికొచ్చాక చెప్పొచ్చు కదే అంటే, అప్పటిదాకా కడుపులో ఉంచుకోలేను అనేది. ఫ్యాక్టరీలో బొత్తాం వంకరగా కుడితే తనే తీసుకెళ్లి మేస్త్రీకి చూపించి తిట్లు తినొచ్చేది. పిచ్చిదానా, నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది అని నేనే తిట్టేదాన్ని. అబద్ధం ఆడటం నేర్పడానికి చూశాను దానికి. రాలేదు."

ఆవిడ తల ఎత్తింది.

"అలాంటిది, ఆ ఒక్కటే ఎందుకు అబద్ధం ఆడుతుంది? ఎవడో ఉంటే, వాడి పేరు దాని నోట్లో ఒక్క పూట ఆగేది కాదు. ఈ సంగతి మీకెవరికీ తెలీదు. నాకు తెలుసు. తెలిసీ గోడ దగ్గర నిలబడ్డాను."

"అమ్మాయ్," అన్నాడు తూకమయ్య, కొంచెం మెత్తగానే. "మనసు కష్టంగా ఉంటుంది, కాదనను. కానీ నెల తప్పింది. కడుపు కళ్లకి కనిపించింది. మనుషులకి అలా జరగదమ్మా. జరిగింది ఒక్కసారే."

"ఎలా జరిగిందో నాకు తెలీదు పెద్దయ్యా. తెలియాలని కూడా లేదు." ఆవిడ తూకమయ్య కళ్లలోకి చూసింది. "నా కూతురు అబద్ధం ఆడదు. అది చెప్పింది నేను నమ్ముతున్నాను."

"మతిపోయిందా నీకు?"

"అప్పుడు పోయింది. ఇప్పుడే వచ్చింది."

పాస్టరుగారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూసి, ఉద్యోగం పోతున్నందుకు ఏడుస్తున్నారని మందులాయన అనుకున్నాడు. ఓదార్చడానికి చెయ్యి కూడా చాపాడు.

"అక్కా," అన్నారు పాస్టరుగారు, చేతుల వెనక నుంచే. "కూర్చో."

"నిలబడే వింటాను."

"కూర్చో అక్కా. అది కడుపు కాదు."

ఆవిడకు అర్థం కాలేదు. పాస్టరుగారు చేతులు తీసి, నెమ్మదిగా, ఒక్కొక్కటీ చెప్పారు. పెద్దాసుపత్రి. కిటికీ పక్క మంచం. గడ్డ. మొదటి నుంచీ గడ్డే. తను ఇచ్చిన మాట, ఆ పిల్ల పెట్టిన షరతు. రేపు పొద్దున్న ఆపరేషన్. ఫోను ఎందుకు మోగుతున్నదీ.

తూకమయ్య మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"మరి... నెల తప్పడం?" అన్నాడు తూకమయ్య. ఇంకా ఎక్కడో ఒకచోట తన తూకం సరిపోవాలని ఆశ.

"జబ్బుకి కూడా తప్పుతుంది," అన్నాడు మందులాయన. ఆయన గొంతు ఆయనకే వినపడనంత చిన్నగా ఉంది. "నాకు తెలుసు అది. చదివాను. నా దగ్గరికి ఆ పిల్ల కడుపునొప్పి మాత్రల కోసం వచ్చింది పెద్దయ్యా. నొప్పి అంది. మాత్రలిచ్చి పంపేసి, మీ దగ్గరికొచ్చి అయిదో నెల అన్నాను."

ఆర్గాన్ అక్క కూర్చుంది. కుర్చీలో కాదు, అట్టలు ఊడిన పాటల పుస్తకాల పక్కన నేల మీద. తన అరచేతులు చూసుకుంది.

"దుప్పటి చింపి నేనే కట్టాను," అంది. "నడుం చుట్టూ. చర్చికి వచ్చేటప్పుడు ఎవరికీ కనపడకూడదని. మోకాలు ఆనించి లాగి కట్టేదాన్ని. 'అమ్మా, నొప్పమ్మా' అనేది. 'నొప్పి తెలియాలి నీకు' అనేదాన్ని. తెలియాలి అని ఇంకా లాగేదాన్ని."

మగవాళ్లు ముగ్గురూ తలలు వంచుకున్నారు. ఓదార్పు మాటలు ఆ గదిలో చాలా ఏళ్లుగా చెప్పుకున్నారు, ఆ పూట ఒక్కటీ పనికి రాలేదు. తూకమయ్య తన బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాస్తూ కూర్చున్నాడు, ముల్లు సరిచేసేటప్పుడు చేసే పనే. ఎంత రాసినా ఏదీ సరికాలేదు.

ఫోను మళ్లీ వణికింది. ఈసారి బల్ల అంచు దాటి కింద పడింది. పాస్టరుగారు వంగేలోపే ఆర్గాన్ అక్క అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"పాస్టరుగారేనా?" అంది అవతలి గొంతు, హడావుడిగా. "ఎన్నిసార్లు చెయ్యాలండీ మీకు? రేపటిదాకా ఆగేలా లేదు. లోపల రక్తం పోతోంది. ఇప్పుడే తీసుకెళ్తున్నాం. సొంతవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేరా?"

"ఉన్నారు."

"మీరెవరు? పేషెంటుకి ఏమవుతారు?"

ఆవిడ ఆ గోడ వైపు చూసింది. నాకు కూతురు లేదని అన్న గోడ.

"అమ్మని," అంది. "దాన్ని కన్న అమ్మని. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను, బయలుదేరుతున్నాను, మీరు ఆపకండి. తీసుకెళ్లండి. కానీ ఒక్క క్షణం, ఒక్క క్షణం ఆ ఫోను దాని చెవి దగ్గర పెట్టండి తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

అవతల చక్రాల చప్పుడు వినిపించింది. ఎవరో ఎవరినో కసురుకున్నారు. తర్వాత చప్పుడు తగ్గింది. ఊపిరి వినిపించింది, పైపైన, ఆగి ఆగి వస్తోంది.

"తల్లీ," అంది ఆర్గాన్ అక్క. "అమ్మనే. నువ్వు అబద్ధం ఆడలేదు. నేను నమ్ముతున్నానే."

ఊపిరి ఒక్క క్షణం ఆగింది.

"అయ్యగారు చెప్పేశారా?" అంది బొత్తాల పిల్ల.

నీరసమైన గొంతు. కోపం లేదు అందులో. దొరకదని ముందే తెలిసిన వస్తువు దొరకనప్పుడు ఉండే గొంతు. ఆర్గాన్ అక్క ముగ్గురు మగవాళ్ల వైపూ చూసింది. ముగ్గురూ సాక్షులే, ముగ్గురూ ప్రమాణం చేస్తారు. కాని ఆ పిల్ల వాళ్లను ఎందుకు నమ్మాలి? ఈ గదిలో నవ్విన ముగ్గురూ వీళ్లే కదా.

"ముందు నమ్మానే," అంది తల్లి. "గడ్డ సంగతి తర్వాత తెలిసింది. ఒట్టు తల్లీ. ముందు నమ్మాను, తర్వాతే చెప్పారు. రుజువు అడిగితే నా దగ్గర ఏమీ లేదు. నా మాటే ఉంది. నమ్మవే."

అవతల చక్రాలు మళ్లీ కదిలాయి. బదులు వచ్చిందో రాలేదో ఆ చప్పుడులో తెలియలేదు.